పది నిమిషాలు ఆగమన్న వాటర్ వాష్ షెడ్డు

కారులో పిల్లాడు వాంతి చేసుకుంటే ఆ వాసన వదిలించడం ఎంత కష్టమో పడినవాళ్ళకే తెలుసు. శ్రీశైలం నుంచి వస్తూ దోర్నాల ఘాట్ దిగేలోపే మావాడు వెనక సీటంతా కక్కేశాడు (ఖాళీ కడుపుతో బయల్దేరదామని నేనంటే, పిల్లాడు ఆకలికి ఆగుతాడా అని మా అత్తగారు పులిహోర పెట్టారు, ఆ గొడవ ఇక్కడ వద్దు లెండి). ఇంటికొచ్చి సర్ఫు నీళ్ళతో రెండుసార్లు తుడిచాను. మర్నాడు మధ్యాహ్నం ఎండలో ఉన్న కారు తలుపు తీస్తే గుప్పున కొట్టింది.

ఎవరో చెప్తే బెజవాడ ఆటోనగర్ వెళ్ళాను. 100 అడుగుల రోడ్డు నుంచి లోపలికి వెళ్ళే ఒక సందులో షెడ్డు. బోర్డు మీద 'వాటర్ వాష్, ఇంటీరియర్ క్లీనింగ్' అని తప్ప పేరంటూ లేదు, ఎందుకండీ అంటే "వెల్డింగ్ షాపు పక్కన అంటే అందరూ వచ్చేస్తారు" అన్నారు ఓనర్.

వెళ్ళేటప్పుడే నాకు టెన్షన్‌గా ఉంది, దానికి కారణం వేరే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా బావగారి కారు సీట్ల దాకా మునిగింది. ఇంజిన్ పని అయ్యాక లోపల శుభ్రం చేయించడానికి ఒకచోటికి తీసుకెళ్ళాం, ఆ రోజుల్లో ఎక్కడ చూసినా బురద కార్ల క్యూలే, ఎవరు దొరికితే వాళ్ళే దేవుళ్ళు. అక్కడి కుర్రాడు బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్ళు మగ్గుతో సీట్ల మీదా కింద కార్పెట్ మీదా పోసేసి, మరకలు వదలట్లేదని బాత్రూమ్ కడిగే యాసిడ్ తెచ్చి అక్కడే పోశాడు. అర నిమిషం పట్టలేదు. ఒక్కసారిగా ఘాటు లేచింది, వాడు దగ్గుతూ బయటికొచ్చి కూలబడ్డాడు, పది అడుగుల దూరంలో ఉన్న నాకే కళ్ళు మండి గొంతు పట్టేసింది. బ్లీచింగ్‌లో యాసిడ్ పడితే వచ్చేది క్లోరిన్ గ్యాస్ అని, తలుపులు మూసి ఉంటే ప్రాణం మీదికి వచ్చేదని ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు చెప్పాడు. కుర్రాడు తేరుకున్నాడు. సీట్లకి మాత్రం సున్నం చల్లినట్టు మచ్చలు అలాగే ఉన్నాయి.

అందుకే ఇక్కడ కారు ఇచ్చి వెళ్ళిపోకుండా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నాను. ఓనర్‌కి నచ్చలేదు, కానీ ఏమీ అనలేదు.

ముందు నాలుగు తలుపులూ, డిక్కీ తెరిచి పెట్టారు. వెనక సీటు పైకి లేపితే కింద రెండు పల్లీలు, కొంచెం పసుపు అన్నం. నేను రెండుసార్లు తుడిచింది పైపైనే అన్నమాట. గట్టిగా ఉన్నదంతా తీసి కవర్లో కట్టి, షాంపూ నీళ్ళు కొట్టి, బ్రష్ వేసి, మెషిన్‌తో ఆ తడి లాగేశారు. టబ్‌లోకి వచ్చిన నీళ్ళ రంగు గురించి రాయను. గుడ్డ సీటుకి క్రిమిసంహారకం ఏదైనా కొడతారా అని అడిగితే, గుడ్డలోకి, స్పాంజిలోకి ఆ మందు సరిగ్గా దిగదండీ, దానికి షాంపూ, లాగడం, పూర్తిగా ఆరబెట్టడం ఇవే మందు అన్నారు. నాకు అక్కడే నమ్మకం కుదిరింది, వేరే చోటైతే ఆ పేరుతో ఇంకో ఐదొందలు వేసేవాళ్ళు.

మందు వాడింది చేతులు తగిలే చోట్లే. స్టీరింగ్, గేర్ రాడ్, హ్యాండిల్స్, అద్దాల స్విచ్‌లు, సీటు బెల్టు బకిల్. స్ప్రే బాటిల్ మీద తెల్ల ప్లాస్టర్ అంటించి మార్కర్‌తో 'హ్యాండిల్స్, 10 ని.' అని, కింద ఎంతకెంత కలిపారో, ఏ తారీకున కలిపారో రాసి ఉంది. కుర్రాడు నేరుగా స్విచ్‌ల మీద కొట్టకుండా గుడ్డ మీద కొట్టుకుని తడి నిలిచేలా తుడిచి ఫోన్‌లో టైమర్ పెట్టాడు. ఇదేంటి బాబూ, తుడిచేయవా అన్నాను. "డబ్బా మీద పది నిమిషాలు తడిగా ఉండాలని ఉంది సార్, వెంటనే తుడిచేస్తే ఏమీ చావవు." బెజవాడ ఎండకి మూడు నిమిషాలకే ఆరిపోతోంది, ఆరినప్పుడల్లా మళ్ళీ తడిపాడు, మొత్తం మూడుసార్లు. ఆ తర్వాత వేరే గుడ్డతో మంచినీళ్ళతో తుడిచేశాడు. అంతకుముందు సబ్బు తుడిచినప్పుడు కూడా నీళ్ళతో రెండుసార్లు తీశాడు, ఆ రకం మందు సబ్బు మిగిలి ఉంటే సరిగా పని చేయదట. ఇంట్లో సబ్బూ మందూ ఒకే బకెట్‌లో కలిపి గచ్చు తుడిచేవాళ్ళం మనం, డబ్బా వెనక ఏం రాశాడో ఎప్పుడైనా చదివామా?

సీటు బెల్టు పట్టీకి మాత్రం మామూలు సబ్బు నీళ్ళే. బ్లీచింగ్ తగిలితే దారాలు బలం తగ్గుతాయి, ప్రమాదంలో తెగితే ఎవరిది బాధ్యత అన్నారు ఓనర్. మా బావగారికి ఆ రాత్రే ఫోన్ చేసి బెల్టులు మార్పించమని చెప్పాను.

ఇంకో సంగతి బాగా నచ్చింది. స్పిరిట్ డబ్బా (70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్) షెడ్డులో వెనక గోడ వైపు ఇనప బీరువాలో తాళం వేసి ఉంది. పక్కనే వెల్డింగ్ కదా, నిప్పురవ్వలు మన దాకా వస్తాయి, దాని ఆవిరి ఎండాకాలం ఊరికే అంటుకుంటుంది అన్నారు. మూసిన కారులో అది స్ప్రే చేయనే చేయరట. బ్లీచింగ్ ద్రావణం కూడా ఉంది కానీ అది రబ్బరు మ్యాట్లకే, మ్యాట్లు బయటికి తీసి కడిగాక. 5 శాతం ఉన్నది లీటరుకి 20 మిల్లీలీటర్లు, పొద్దున కలిపింది సాయంత్రానికి పారబోస్తారు. యాసిడ్ అసలు షెడ్డులోకి రానివ్వరు.

నేను ఊరుకోకుండా ఫాగింగ్ చేస్తారా అని కూడా అడిగాను, కరోనా రోజుల్లో ప్రతి షెడ్డులోనూ కార్లోకి పొగ వదిలేవాళ్ళు కదా. "పొగ కనపడితే మీకు తృప్తి, క్రిములకేం కాదు" అని నవ్వేశారు. నిజమే, మూసిన చోట్ల ఇలా స్ప్రేలు, ఫాగింగ్ మామూలు పద్ధతిగా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మే నెలలోనే చెప్పింది, అయినా ఆ తర్వాత కూడా నేను 300 ఇచ్చి రెండుసార్లు పొగ పెట్టించుకున్నాను.

ఇక బాగోలేనివి. రెండు గంటలన్నది నాలుగున్నర గంటలైంది. ఫోన్ చేస్తే ఎత్తరు. కుర్రాడు గ్లౌజులు వేసుకున్నాడు గానీ కళ్ళద్దాలు మెడలో వేలాడుతున్నాయి, అదేంటంటే చెమటకి మసక పడుతున్నాయి అంటాడు, మందు చిమ్మేది ముఖం మీదికేగా. వీటన్నిటికన్నా కోపం తెప్పించింది ఇంకోటి. తాగే నీళ్ళ క్యాన్ పక్కన అర లీటరు కూల్‌డ్రింక్ సీసాలో నీలం రంగు ద్రావణం. ఏ రాతా లేదు. అన్నిటికీ ప్లాస్టర్ అంటించిన మనిషి దీన్ని ఎలా వదిలేశాడో! మావాణ్ణి తీసుకొచ్చి ఉంటే దాహం అని ముందు దాన్నే ఎత్తేవాడు, వాడి అలవాటు నాకు తెలుసు. చూపించి గట్టిగానే అన్నాను. అద్దాల లిక్విడ్ అండీ, పొద్దున డబ్బా పగిలిపోతే ఇందులో పోశాడు అని ఓనర్ కుర్రాణ్ణి నాలుగు తిట్టి, స్ప్రే బాటిల్‌లోకి మార్పించి పేరు రాయించి, సీసా నా ముందే నలిపి పారేశారు. తిట్టాల్సింది కుర్రాణ్ణి ఒక్కడినే కాదనుకోండి.

1,800 తీసుకున్నారు, బిల్లు చేత్తో రాసిచ్చారు. అద్దాలు దించి రాత్రంతా ఆరనివ్వమన్నారు, మా సందులో పిల్లుల భయంతో రెండు వేళ్ళ సందు మాత్రం వదిలాను. ఆరు రోజులైంది. ఏ వాసనా లేదు, సెంటు వాసన కూడా. మా అత్తగారు ఎక్కి కూర్చుని, ఫినాయిల్ వాసనే రావట్లేదు, అసలు కడిగారా అని అడిగారు.

5కి 4 ఇస్తున్నాను, ఆ ఒకటి సీసాకి తగ్గించాను. వెళ్ళేవాళ్ళు పొద్దున 9కే వెళ్ళండి, మధ్యాహ్నం దాటితే ఆరబెట్టడానికి ఎండ చాలదు. తాగే నీళ్ళు ఇంటి నుంచే పట్టుకెళ్ళండి.