సెకోయా డబ్బు తీసుకోవచ్చా? ఒక అకౌంటెంట్ రివ్యూ

"అక్కా, సెకోయా వాళ్ళు మంగళవారం మీటింగ్‌కి పిలిచారు. ఇస్తామంటే తీసుకోమంటారా?"

ఇదివరకు మా ఆఫీసులో పనిచేసి, ఇప్పుడు సొంత కంపెనీ పెట్టుకున్న కుర్రాడు మొన్న ఫోన్ చేసి అడిగాడు. సెకోయా అంటే కొత్త కంపెనీల్లో డబ్బు పెట్టి, బదులుగా వాటా తీసుకునే అమెరికా వెంచర్ సంస్థ. గొంతులో సంతోషం, టెన్షన్ రెండూ వినిపించాయి. అప్పుడు చెప్పింది కొంచెమే. అతనిలాంటి వాళ్ళు ఇంకా చాలామంది ఉంటారని మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

పదిహేనేళ్ళుగా నేను శాన్ హోసేలో స్టార్టప్‌ల లెక్కలు చూస్తున్నాను. సెకోయా పెట్టుబడి పెట్టిన కంపెనీలో మాత్రం ఎప్పుడూ పనిచెయ్యలేదు. కాబట్టి నా మాటలన్నీ యాభై ఏళ్ళుగా వాళ్ళు నలుగురి కళ్ళముందూ చేసిన పనులు చూసి చెప్పేవే. ఎవరికి ఎంత ఇచ్చారు, బదులుగా ఏం అడిగారు, ఎప్పుడు అమ్ముకున్నారు అన్నవి తెలిస్తే అకౌంటెంట్‌కి మనిషి స్వభావం చాలావరకు తెలిసిపోతుంది.

ఈ సంస్థని 1972లో డాన్ వాలంటైన్ మొదలుపెట్టాడు. ఫెయిర్‌చైల్డ్, నేషనల్ సెమీకండక్టర్ కంపెనీల్లో చిప్‌ల అమ్మకాలు చూసిన మనిషి. సంస్థకి తన పేరు పెట్టుకోకుండా, కాలిఫోర్నియా కొండల్లో వేల ఏళ్ళు బతికే చెట్టు పేరు పెట్టాడు. సరుకు అమ్మి వచ్చినవాడు కదా, ముందు మార్కెట్ ఎంత పెద్దదో చూసేవాడు, ఫౌండర్ గొప్పదనం సంగతి ఆ తర్వాత. మెన్లో పార్క్‌లో శాండ్ హిల్ రోడ్ మీది ఆ ఆఫీసు ఇప్పటికీ అదే ప్రశ్నతో మొదలుపెడుతుందంటారు. మంగళవారం వెళ్ళే కుర్రాడికి నేను మొదట చెప్పింది కూడా ఇదే: నీ కోడ్ గురించి తర్వాత, దాన్ని ఎంతమంది కొంటారో ముందు చెప్పు.

1975లో అటారీలో పెట్టారు. 1978లో యాపిల్‌లో 1,50,000 డాలర్లు పెట్టి, మరుసటి ఏడాదే ఆ వాటాని సుమారు 60 లక్షల డాలర్లకి అమ్మేశారు. ఏడాదిన్నరలో నలభై రెట్లు. ఏ పుస్తకంలో రాసినా అందమైన ఎంట్రీయే. కానీ 1980 డిసెంబరులో యాపిల్ ఐపీఓకి (షేర్లు మొదటిసారి జనానికి అమ్మడానికి) వచ్చేసరికి ఆ వాటా వాళ్ళ చేతిలో లేదు. ఇలా ముందే అమ్మించే కారణం ఇంకొకటి కూడా ఉంది, గడువు. మామూలుగా వెంచర్ ఫండ్‌కి పదేళ్ళ గడువు ఉంటుంది. ఆ లోపల అమ్మి, డబ్బు పెట్టిన యూనివర్సిటీలకీ, ట్రస్టులకీ తిరిగి ఇచ్చెయ్యాలి. కంపెనీ ఇంకా ఎదుగుతున్నా సరే, క్యాలెండర్ చూసి దిగిపోవాలి. 2021 అక్టోబరులో సెకోయా ఆ గడువునే తీసేసి, అమెరికా, యూరప్ పెట్టుబడుల కోసం ముగింపు తేదీ లేని ఫండ్ పెట్టింది. ఐపీఓ తర్వాత కూడా షేర్లు ఉంచుకునే వీలు కలిగింది. ఈ సంస్థలో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం ఇదే. గడువు మీద పడిన ఇన్వెస్టరు బోర్డులో ఉంటే ఎలా ఉంటుందో నేను చూశాను. అది కాసేపట్లో చెప్తాను.

ముందు సిస్కో కథ. సెకోయా తలుపు తట్టే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన కథ ఇది.

లెన్ బొసాక్, శాండీ లెర్నర్ భార్యాభర్తలు. స్టాన్‌ఫర్డ్‌లో కంప్యూటర్ విభాగాల్లో పనిచేసేవాళ్ళు. ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేని నెట్‌వర్క్‌లని కలిపే రౌటర్ల మీద 1984లో కంపెనీ పెట్టారు. డెబ్బైకి పైగా ఇన్వెస్టర్లు కాదన్నారని చెబుతుంటారు. 1987లో వాలంటైన్ 25 లక్షల డాలర్లు ఇచ్చి మూడో వంతుకి కాస్త తక్కువ వాటా తీసుకున్నాడు. దానితోపాటు మేనేజ్‌మెంట్‌లో ఎవరుండాలో తేల్చే మాట కూడా తనదే అయింది. 1988లో జాన్ మోర్గ్రిడ్జ్‌ని సీఈఓగా తెచ్చాడు. 1990 ఫిబ్రవరిలో ఐపీఓ. అదే ఏడాది ఆగస్టులో లెర్నర్‌ని తీసేశారు. ఆ వెంటనే బొసాక్ కూడా వెళ్ళిపోయాడు. ఇద్దరూ తమ షేర్లు అమ్ముకుంటే దాదాపు 17 కోట్ల డాలర్లు వచ్చాయి. కంపెనీ మాత్రం వాళ్ళు లేకుండానే పెరిగి, 2000 మార్చిలో కొన్నాళ్ళు ప్రపంచంలోనే అత్యంత విలువైన కంపెనీ అయింది.

ఈ కథ విన్నప్పుడల్లా నాకు లెర్నర్ మీదే మనసు పోతుంది. కన్నబిడ్డలాంటి కంపెనీ అది. వాలంటైన్ చేసింది కంపెనీకి మంచిదే కావచ్చు, లెక్కలు అలాగే చెబుతున్నాయి. కానీ చెక్కు మీద సంతకం పెట్టిన రోజే ఆమె ఉద్యోగం వేరొకరి చేతిలోకి వెళ్ళిపోయింది. 1999లో గూగుల్‌కి సెకోయా, క్లైనర్ పెర్కిన్స్ అనే ఇంకో వెంచర్ సంస్థ చెరో 1.25 కోట్ల డాలర్లు ఇచ్చినప్పుడు కూడా బయటి నుంచి సీఈఓని తెమ్మని అడిగారు. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ చాలాకాలం ఒప్పుకోలేదు, చివరికి 2001లో ఎరిక్ ష్మిట్ వచ్చాడు. అక్కడ ఫౌండర్లు నిలబడ్డారు. ఎందుకంటే వాళ్ళ చేతిలో ఓట్లున్నాయి.

మిగతా విజయాలు త్వరగా చెప్తాను, అవి అందరికీ తెలిసినవే. 1993లో ఎన్విడియా. 1995లో యాహూ. పేపాల్‌లో పెట్టుబడి పెట్టాక, అక్కడి సీఎఫ్‌ఓ (ఆర్థిక వ్యవహారాలు చూసే అధికారి) రూలోఫ్ బోథా సెకోయాలో చేరి, పేపాల్‌లోనే పనిచేసిన కుర్రాళ్ళు పెట్టిన యూట్యూబ్‌కి 2005లో డబ్బిచ్చాడు. ఏడాది తిరిగేసరికి గూగుల్ దాన్ని 165 కోట్ల డాలర్లకి కొనేసింది. బోథా యాక్చువరీ (బీమా రిస్కుల లెక్కల) చదువు చదివినవాడు, మా లెక్కల మనిషే. 2022 నుంచి 2025 నవంబరు దాకా సంస్థని నడిపాడు, ఇప్పుడు ఆల్‌ఫ్రెడ్ లిన్, పాట్ గ్రేడీ చూస్తున్నారు. వాట్సాప్‌లో విడతలుగా పెట్టింది 6 కోట్ల డాలర్లు. 2014లో ఫేస్‌బుక్ దాన్ని 1,900 కోట్లకి కొంటామంది. అందులో బయటి వెంచర్ సంస్థ వీళ్ళొక్కరే, అప్పటికి ఉద్యోగులు 55 మంది.

2008 అక్టోబరులో తమ కంపెనీల ఫౌండర్లందరినీ పిలిచి, సమాధిరాయి బొమ్మ ఉన్న స్లైడ్ చూపించి, ఖర్చులు కోసెయ్యమన్నారు. ఆ ఆరు నెలలకే ఎయిర్‌బీఎన్‌బీ అనే చిన్న కంపెనీకి 6 లక్షల డాలర్ల దాకా ఇచ్చారు. చేతిలో నగదు నిలుపుకున్న వాళ్ళకే చెడ్డరోజుల్లో మంచి బేరాలు దొరుకుతాయి.

ఇక మరక. క్రిప్టో ఎక్స్ఛేంజ్ ఎఫ్‌టీఎక్స్‌లో 21.35 కోట్ల డాలర్లు పెట్టి, 2022 నవంబరులో ఆ విలువని సున్నాకి దించారు. నన్ను బాధపెట్టింది ఆ నష్టం కాదు, పెద్ద ఫండ్‌లో నష్టాలు మామూలే. ఫౌండర్ శామ్ బ్యాంక్‌మన్-ఫ్రైడ్‌ని ఆకాశానికెత్తుతూ తమ వెబ్‌సైట్‌లో పెద్ద వ్యాసం వేసుకున్నారు. మీటింగ్‌లో మాట్లాడుతూ అతను వీడియోగేమ్ ఆడుకున్నాడన్నది అందులో మెచ్చుకోలుగా రాశారు. కంపెనీ కూలగానే ఆ పేజీ తీసేశారు. కస్టమర్ల డబ్బు ఎక్కడుందని ఒక్క అకౌంటెంట్ గట్టిగా అడిగి ఉంటే బాగుండేది.

భారత్‌లో ఉన్నవాళ్ళకి ఒక మాట. 2006లో వెస్ట్‌బ్రిడ్జ్‌ని కలుపుకుని మొదలైన సెకోయా ఇండియా ఇప్పుడు సెకోయా కాదు. 2023 జూన్‌లో చైనా, భారత్ విభాగాలు విడిపోతున్నట్టు ప్రకటించారు. మనది పీక్ ఫిఫ్టీన్ అయింది. ఎవరెస్ట్‌కి ఆ పేరు రాకముందు సర్వేవాళ్ళు పెట్టుకున్న గుర్తు అది. మీషో, గ్రో లాంటి పెట్టుబడులు ఇప్పుడు వాళ్ళవి. డబ్బు వేరు, నిర్ణయాలు వేరు, అక్కడివాళ్ళని ఇక్కడివాళ్ళ చరిత్రతో కొలవొద్దు.

ఇప్పుడు నా సంగతి. పేరు చెప్పను, వేరే వెంచర్ సంస్థ. మా కంపెనీలో అందరు ఇన్వెస్టర్లూ కలిపి పెట్టింది 2.4 కోట్ల డాలర్లు. ఆ సంస్థ ఫండ్‌కి గడువు దగ్గరపడింది. ఇంకో ఏడాది ఆగితే పెద్ద ఆర్డర్లు వచ్చేవని సేల్స్ వాళ్ళు చెప్తున్నా, బోర్డులో పట్టుబట్టి 2.5 కోట్లకి అమ్మించారు. ఎవరికెంత వస్తుందో షీట్ నేనే చేశాను. లిక్విడేషన్ ప్రిఫరెన్స్ (కంపెనీ అమ్ముడైతే ముందు ఇన్వెస్టర్ల డబ్బు తిరిగి ఇవ్వాలన్న షరతు) ప్రకారం ఇన్వెస్టర్ల 2.4 కోట్లు ముందు వెళ్ళిపోయింది. మిగిలిన 10 లక్షల్లో లాయర్ల ఫీజు పోగా ఉన్నది అందరికీ పంచాలి. ఆరేళ్ళు పనిచేసిన టెస్టింగ్ ఇంజనీరు వరసలో 3,100 డాలర్లు అని కనిపించింది. తప్పేమోనని ఫార్ములా మూడుసార్లు చూశాను. తప్పు లేదు. మర్నాడు ఆవిడకి ఆ అంకె చెప్పాల్సింది నేనే. ఆవిడ ఏమీ అనలేదు, కాఫీ కప్పు కడిగి అక్కడే బోర్లించి వెళ్ళిపోయింది.

అందుకే సెకోయా గురించి నా తీర్పు ఇలా ఉంది. నీ మార్కెట్ నిజంగా పెద్దదైతే, పదేళ్ళు పరిగెత్తే ఓపిక ఉంటే, ఇంతకన్నా ఓర్పున్న డబ్బు దొరకడం కష్టం. నెమ్మదిగా, లాభం చూసుకుంటూ నడుపుకునే వ్యాపారమైతే ఆ గుమ్మం ఎక్కొద్దు, మీ ఇద్దరికీ పడదు. ఎక్కితే మాత్రం బోర్డులో ఎన్ని సీట్లు, నిన్ను తీసెయ్యాలంటే ఎవరి ఓటు కావాలి, ప్రిఫరెన్స్ వాళ్ళు పెట్టిన డబ్బుకి ఒక రెట్టా అంతకన్నా ఎక్కువా అన్న మూడూ కాగితం మీద చూడకుండా సంతకం పెట్టొద్దు.

కుర్రాడికి ఇదే చెప్పాను. టర్మ్ షీట్ (పెట్టుబడి షరతులు రాసే కాగితం) రాగానే పంపమన్నాను. వంద కోట్లకి అమ్ముడైతే ఎవరికెంత, రెండు కోట్లకే అమ్ముడైతే ఎవరికెంత అని షీట్ చేసి పెడతాను. మొదటి వరసలో అతని పేరు ఉండదు, అతని దగ్గర మొట్టమొదట చేరిన ఉద్యోగి పేరు ఉంటుంది.