ఎస్పీ రోడ్డులో కొన్న ఫోన్ మాక్రో లెన్స్: కొత్త జాతి కప్పని గుర్తుపట్టడానికి పనికొస్తుందా?

బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఓ చిన్న షాపులో కొన్నా ఇది, ఫోన్‌కి క్లిప్పుతో తగిలించేది. రేటు గట్టిగా బేరమాడండి, మొదట చెప్పిన రేటుకి ఎవరూ కొనరు. బిల్లు అడిగితే మాత్రం రేపు రా అన్నాడు. పువ్వులు, చీమల ఫొటోలతో రివ్యూలు బోలెడున్నాయి కాబట్టి నేను దీనికి పని పెట్టింది ఎక్కడో అదే చెప్తా.

ఆగస్టులో కేప్ టౌన్‌లో అక్కావాళ్ళింటికి వెళ్ళా, అప్పుడక్కడ చలికాలం, వానలు. ఊరికి తూర్పున కొండల మీద నీళ్ళూరే నాచులో మాస్ ఫ్రాగ్స్ ఉంటాయి, సుమారు రెండు సెంటీమీటర్లు, అంతే. పర్మిట్ లేకుండా పట్టుకోకూడదని బావ ముందే చెప్పాడు, ఇంక ఫొటోనే దిక్కు.

లెన్స్ ఇక్కడ బానే పనిచేసింది. వెనక కాలి వేళ్ళ మధ్య పొర లేకపోవడం, వేలి చివర కాస్త ఉబ్బు, అన్నీ క్లియర్‌గా వచ్చాయి. కానీ బాగా దగ్గరికెళ్తే గానీ ఫోకస్ అవదు, కన్ను షార్ప్‌గా వస్తే నడుం మసకే, పైగా ఫోన్ నీడ మీద పడిందా, తుర్రుమంటుంది.

తిరిగొచ్చాక బెంగళూరు టాటా ఇన్‌స్టిట్యూట్‌లో (ఐఐఎస్సీ) కప్పల మీద పీహెచ్‌డీ చేసే ఫ్రెండ్‌కి చూపించి "కొత్త జాతేమోరా?" అన్నా. వాడు ఫొటోలు జూమ్ చేస్తూనే "అరుపు రికార్డు చేశావా?" అన్నాడు. ఆర్థ్రోలెప్టెల్లా, అంటే ఈ మాస్ ఫ్రాగ్స్ జాతులు, చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయట, మగకప్ప అరుపు, డీఎన్ఏ, ఏ కొండ మీద దొరికింది, వీటితోనే విడదీస్తారు. వీటిలో లైట్‌ఫూటి అనే జాతి కేప్ టౌన్ దగ్గరి కేప్ పెనిన్సులాలోనే ఉంటుంది. ఇవి గుడ్లు నాచులోనే పెడతాయి, పిల్లలు నీళ్ళలో ఈదే పనే లేకుండా అక్కడే కప్పలైపోతాయి, ఇంక కొండ దాటి పోయేదెక్కడ, అందుకే చాలా జాతులు ఏదో ఒక కొండ వరకే. మన పశ్చిమ కనుమల్లో 2017లో ప్రకటించిన ఏడు కొత్త నైట్ ఫ్రాగ్స్‌లో కూడా నాలుగు బొటనవేలి గోరు మీద పట్టేవే, పురుగుల కూతలా అరుస్తాయి, అందుకే అన్నాళ్ళూ ఎవరికీ పట్టలేదు. ఇంకోటి, కొత్తది అని పేరు పెట్టాలంటే మామూలుగా మ్యూజియంలో ఓ నమూనా కూడా ఉండాలి, మన ఫొటో ఆ పని చెయ్యదు.

కాబట్టి ఐదుకి మూడున్నర. కొనండి, కానీ లెన్స్ తగిలించే ముందు దూరంగా కూచుని అరుపు రికార్డు చెయ్యండి, జీపీఎస్ ఆన్‌లో ఉంచండి, కప్ప కదలకపోతే పక్కన చిన్న స్కేలు పెట్టండి. క్లిప్పు రబ్బరు వదులుగా ఉంది, ఫోన్ కేస్ తీస్తేనే సరిగ్గా కూచుంటుంది.