చింతపిక్కలా, నోట్‌బుక్కా?

పోకర్‌లో చేయి తిరగాలంటే నలుగురితో ఆడాలా, ఒంటరిగా లెక్కలు కట్టాలా?

విశాఖ ఎంవీపీ కాలనీలో మా మేడ మీద ఆదివారం ఆటకి చింతపిక్కలే చిప్స్, డబ్బు పెట్టం. (డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పోకర్‌ని ఆంధ్రలో 2020లోనే నిషేధించారు.) ఇక్కడ మనుషుల్ని చదవడం వస్తుంది. మంచి ముక్కలు పడితే మా బావ మరమరాలు నమలడం ఆపేస్తాడు. కానీ పిక్కలు పోతే ఎవరికి నొప్పి? అందరూ కాల్ (ఎదుటివాడి పందేనికి సమానంగా పెట్టడం) అనేస్తారు, బ్లఫ్ పారదు.

నోట్‌బుక్‌తో అయితే: ఫ్లాప్ (మధ్యలో పరిచే మొదటి మూడు ముక్కలు) తర్వాత మీ చేతిలోవీ మధ్యలోవీ కలిపి నాలుగు ఇస్పేట్లు కనిపిస్తే మిగిలినవి 9; ఇంకొక్కటి పడితే ఫ్లష్, అంటే ఒకే గుర్తు ముక్కలు ఐదు. ఇంకా రెండు ముక్కలు రావాలి కాబట్టి నాలుగుతో గుణించండి, ఫ్లష్ పడే అవకాశం సుమారు 36 శాతం. అసలు లెక్క 35 శాతం. ఇది తెలియకే ఫ్లష్ కోసం ఏడాదిపాటు పిక్కలు తగలేశాను.

నా ఓటు నోట్‌బుక్‌కే, మేడ వారానికొక్కసారి చాలు. మరమరాల సంగతి బావకి ఇంకా చెప్పలేదు.