లియాన్ బుషాన్‌లో భోజనం: ఏం తినాలి, ఎక్కడ ఉండాలి

పారిస్ వెళ్లే మనవాళ్లు ఒక్క రోజు మిగుల్చుకుని లియాన్ వెళ్లి భోంచేసి రావాలని నా గట్టి అభిప్రాయం. టీజీవీ అనే హైస్పీడ్ రైల్లో దాదాపు 2 గంటల ప్రయాణం. స్టార్లున్న ఖరీదైన రెస్టారెంట్ల కోసం కాదు, బుషాన్లు అనే చిన్న చిన్న భోజనశాలల కోసం.

పారిస్‌లో తక్కువ ఖర్చుతో ఫ్రెంచ్ భోజనం కావాలంటే 1896లో మొదలైన బుయాన్ షార్తియే అనే రెస్టారెంట్ ఉంది. ఎత్తైన పాతకాలపు హాలు, పక్కపక్కనే బల్లలు. సర్వర్ మన ఆర్డరు బల్ల మీద పరిచిన కాగితంపైనే రాసుకుని, చివర్లో అక్కడే కూడి బిల్లు చెప్పేస్తాడు. ఆ ధరకు పారిస్ నడిబొడ్డున అలాంటి భోజనం దొరకడం గొప్పే. అయితే నాకు బాగా గుర్తున్నది ఆ హాలే.

లియాన్‌లో అలా కాదు, తిన్నది గుర్తుంటుంది. ఇది పట్టు నేత కార్మికుల ఊరు. వాళ్లు పొద్దున్నే చేసే మాంసాహార ఫలహారాన్ని మాషాన్ అంటారు, ఇప్పటికీ కొన్నిచోట్ల పెడుతున్నారు. ఇక్కడి వంటకు పేరు తెచ్చినవాళ్లు ఆడవాళ్లు. వాళ్లలో యుజెనీ బ్రాజియే 1933లో తన రెండు రెస్టారెంట్లకీ మూడేసి మిషెలిన్ స్టార్లు (ఆ పేరుగల రెస్టారెంట్ గైడ్ ఇచ్చే అత్యున్నత రేటింగ్) సాధించింది. పాల్ బొక్యూజ్ లాంటి ప్రపంచ ప్రసిద్ధ షెఫ్ ఆమె వంటింట్లో పని నేర్చుకున్నాడంటే ఆలోచించండి!

మేం వెళ్లిన బుషాన్‌లో గళ్ల గుడ్డ పరిచిన ఇరుకు బల్లలు. నేను కెనెల్ తీసుకున్నాను. పైక్ అనే మంచినీటి చేపను మెత్తగా చేసి, పిండి, గుడ్డు, వెన్న కలిపి చేస్తారు. పైన మంచినీటి రొయ్యల్లాంటి క్రేఫిష్‌తో చేసిన సాస్. నోట్లో పెట్టుకుంటే దూదిలా కరిగిపోయింది. కారం అలవాటైన నాలుకకు మొదట చప్పగానే తోస్తుంది, రెండో ముద్దకి చేప రుచి తెలుస్తుంది. మావారికి బోటి ఇష్టం కాబట్టి తాబ్లియే ద సపర్ చెప్పారు. బోటిని వైన్‌లో నానబెట్టి, బ్రెడ్ పొడి అద్ది వేయించేది. కరకరలాడుతూ చాలా బాగుందన్నారు. కానీ అది పశువు బోటి. బీఫ్ తినని వాళ్లు గుర్తుపెట్టుకోండి. ఆందుయెట్ పంది పేగులతో చేసే సాసేజ్, వాసన ఘాటుగా ఉంటుంది. లియాన్ సలాడ్‌లోనూ పంది మాంసం ముక్కలు వేస్తారు.

శాకాహారులకు ఇబ్బందే, దాచడం ఎందుకు? మూలికలు, వెల్లుల్లి కలిపిన మెత్తటి చీజ్ సెర్వెల్ ద కన్యూ, బ్రెడ్, బంగాళాదుంప గ్రతాన్ (మీగడ వేసి ఓవెన్‌లో కాల్చినది)తో కడుపు నింపుకోవచ్చు. గుడ్డు తింటే మరికొన్ని దొరుకుతాయి. చివర్లో గులాబీ రంగు ప్రాలిన్ (చక్కెర పట్టించిన బాదం) టార్ట్ మాత్రం వదలొద్దు.

లోపలికి వెళ్లగానే ‘బోన్‌జూర్’ అనండి, పలకరింపే మారిపోతుంది. నీళ్లడిగితే ‘కరాఫ్ దో’ (కుళాయి నీళ్ల జగ్గు) అని స్పష్టంగా చెప్పాలి. అది ఉచితం. ఉచిత నీళ్లున్నాయని 2022 నుంచి మెనూలోనో బోర్డు మీదో తెలియజేయాలని చట్టమే ఉంది. టూరిస్టులు తిరిగే వీధిలో ఒకచోట ఉత్త ‘వాటర్’ అన్నందుకు డబ్బులు పడే సీసా తెచ్చి మూత తీసేశారు. నాకు బాగా కోపమొచ్చింది. సర్వీసు చార్జీ ధరలోనే కలిసి ఉంటుంది, టిప్పు గురించి టెన్షన్ వద్దు. బిల్లు మనం అడిగేదాకా తేరు, అది నిర్లక్ష్యం కాదు. తీరిగ్గా కూర్చోమని వాళ్ల మర్యాద.

బసకు రెండు నదుల మధ్య ఉన్న ప్రెస్కీల్ ప్రాంతం నాకు నచ్చింది. పార్ద్యూ స్టేషన్ దగ్గర రైలుకు సుఖమే కానీ, రాత్రి భోంచేసి నది ఒడ్డున నడిచే వీలు ఉండదు.

ఆదివారం చాలా బుషాన్లు మూసేస్తారు, మధ్యాహ్న భోజనానికి కూడా రెండు గంటల లోపే వెళ్లాలి. ఆదివారమే కుదిరితే పార్ద్యూ దగ్గర్లోని పాల్ బొక్యూజ్ మార్కెట్‌కి పొద్దున్నే వెళ్లండి. చీజ్, బ్రెడ్, టార్ట్ అక్కడే కొనుక్కుని రైలెక్కొచ్చు.