మా ల్యాబ్ అల్ట్రాసోనిక్ బాత్: పనికి వంక లేదు, తెర మీది అంకెతోనే పేచీ

ఔషధ మొక్కల నుంచి యాంటీఆక్సిడెంట్లు తీయడానికి మేం వాడుతున్న అల్ట్రాసోనిక్ బాత్ (ధ్వని తరంగాలతో ద్రవాన్ని కుదిపే తొట్టి) గురించి ఇది. ఆరు లీటర్ల స్టీలు తొట్టి, 40 కిలోహెర్ట్జ్, హీటర్, టైమర్. కంపెనీ పేరు రాయను. మాన్యువల్ తిరగేస్తే అంతా నగలు, కళ్లద్దాలు కడగడం గురించే. ఆకుపొడి మాటే లేదు.

పనికి మాత్రం వంక పెట్టలేను. తులసి ఆకుపొడిని ఊరికే నానబెడితే రోజంతా పడుతుంది, సాక్స్‌లెట్‌కి (ద్రావణిని మరిగించి మళ్లీ మళ్లీ పొడి గుండా పోనిచ్చే గాజు పరికరం) ఎక్కిస్తే గంటల తరబడి కాగుతూనే ఉండాలి. ఇందులో అరగంట చాలు. ధ్వని తరంగాలకు ద్రవంలో పుట్టే సన్నటి బుడగలు పగిలి కణకవచాలను చీలుస్తాయి, లోపలున్న పాలీఫినాల్స్, అంటే మాకు కావలసిన యాంటీఆక్సిడెంట్లు, ద్రావణిలోకి దిగుతాయి. నీళ్లు కలపని ఇథనాల్ కన్నా 50 నుంచి 70 శాతం ఇథనాల్‌లోనే మాకు బాగా దిగాయి. దాన్ని తొట్టిలో పోయకండి, మంటలంటుకునే సరుకు అది. ఫ్లాస్కులో పోసి, తొట్టిలో నీళ్లే ఉంచండి.

అసలు గొడవ ఉష్ణోగ్రతతో. 40 డిగ్రీలు పెడితే, నీళ్లు అంతకు చేరగానే హీటర్ ఆగుతుంది. కానీ తరంగాల శక్తి కూడా చివరికి వేడిగానే మారుతుంది, దాన్ని ఆపేదెవరు? తెర మీద 40 అనే వెలుగుతుంటుంది, ఫ్లాస్కులో థర్మామీటరు ముంచితే 47. చల్లబరిచే ఏర్పాటు లేదు. మామూలుగా సారం తీసుకునేవాళ్లకు ఇది పెద్ద విషయం కాదు. ఇథనాల్ శాతం, సమయం, ఉష్ణోగ్రత అని మూడు అంశాలతో బాక్స్-బెన్‌కెన్ డిజైన్ (ఏ అంశం ప్రభావం ఎంతో విడదీసి చూసేలా ప్రయోగాలను అమర్చే గణాంక పద్ధతి) వేసుకున్నవాళ్లకు మాత్రం కొంప మునిగినట్టే. సమయం పెంచిన ప్రతి రన్‌లోనూ వేడి దానంతటదే పెరుగుతుంది. డీపీపీహెచ్ (యాంటీఆక్సిడెంట్ బలాన్ని కొలిచే పరీక్ష) ఫలితం మెరుగైతే ఆ ఘనత సమయానిదో వేడిదో తేలదు. ఆర్ స్క్వేర్ (లెక్క ఫలితాలకు ఎంత బాగా సరిపోయిందో చెప్పే అంకె) మాత్రం ముచ్చటగా వస్తుంది, అదే ప్రమాదం. ఇప్పుడు ప్రతి ఫ్లాస్కుకూ విడిగా థర్మామీటరు పెట్టి, తొట్టిలో ఐసు ముక్కలు వేస్తూ నెట్టుకొస్తున్నాం.

ఇంకోటి, తొట్టి అంతటా బలం ఒకేలా ఉండదు. అల్యూమినియం ఫాయిల్ ముంచి ఒక నిమిషం నడిపి చూడండి. మాదాంట్లో ట్రాన్స్‌డ్యూసర్లకు (తరంగాలను పుట్టించే భాగాలు) సరిగ్గా పైనున్న చోట ఫాయిల్ జల్లెడైంది, మూలల్లో గీత కూడా పడలేదు. అందుకే అంచు మీద మార్కర్‌తో గుర్తు పెట్టి ప్రతి ఫ్లాస్కునూ అక్కడే దించుతున్నాం. నీటిమట్టం కూడా మారనివ్వం.

ఉసిరి మీద పనిచేసేవాళ్లకు ఒక మాట: పాలీఫినాల్స్ ఎన్నున్నాయో నీలం రంగును బట్టి కొలిచే ఫోలిన్ పరీక్షలో విటమిన్ సి కూడా నీలం రంగు తెప్పిస్తుంది. ఆ అంకె చూసి బాత్ ఇరగదీసిందని మురిసిపోకండి.

చప్పుడు భరించడం కష్టం, మూత వేసినా అంతే.

ఏ మొక్కలో సత్తా ఉందో వడపోయడానికి, విద్యార్థుల ప్రాక్టికల్స్‌కి నిస్సందేహంగా కొనొచ్చు. ఆప్టిమైజేషన్ (ఏ పరిస్థితుల్లో సారం బాగా దిగుతుందో తేల్చడం) మీద పేపర్ రాయాలనుకుంటే చల్లటి నీళ్లు తిరిగే ఏర్పాటున్న మోడలే అడగండి. అమ్మేవాళ్లు డెమోకి వస్తే హీటర్ కట్టేయించి అరగంట నడిపించి, నీళ్లు ఎంత వేడెక్కాయో మీ థర్మామీటరుతోనే చూసుకోండి.