వంశచరిత్ర పుస్తకం వేసిస్తామనేవాళ్లతో జాగ్రత్త! మా పెద్దమామ్మ పేరుతో దొంగ కాగితాలు అంటగట్టారు

"నూటయాభై ఏళ్ల కిందటి మీ ఇంటి ఆడవాళ్ల చరిత్ర కూడా రికార్డులతో సహా తీసి, పుస్తకం వేసి ఇస్తాం" అంటూ వాట్సాప్‌లో ప్రకటనలు తిరుగుతున్నాయి. డబ్బు కట్టబోయేవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. మా కుటుంబం 28,000 రూపాయలు కట్టింది. చేతికొచ్చిన పుస్తకంలో నిజమని చెప్పుకోదగ్గవి మేం వాళ్లకు చెప్పిన పేర్లు మాత్రమే.

బాబాయి షష్టిపూర్తికి కానుకగా ఇద్దామని మా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కలిసి చేయించారు. మా నాయనమ్మకి నాయనమ్మ కథ కావాలని అడిగారు. ఇంట్లో అందరూ ఆమెను పెద్దమామ్మ అనే అంటారు. పుట్టిల్లు కృష్ణకి ఆవల రేపల్లె వైపు, మెట్టినిల్లు బందరు దగ్గర పల్లె. 1864 నవంబరు ఉప్పెన నాటికి కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. ముప్పై వేలమంది దాకా పోయిన ఆ ఉప్పెనలో అత్తమామలు కొట్టుకుపోయారు. చేలన్నీ ఉప్పు పట్టాయి. తర్వాత పిల్లలు పుట్టారు, కొందరు దక్కలేదు, మొగుడు నడివయసులోనే పోయాడు. కాలవ నీళ్ల వంతు రాత్రిపూట పడితే తనే లాంతరు పట్టుకుని వెళ్లి మడికి నీళ్లు పెట్టుకునేదట. ఇదంతా మా మేనత్త చెప్పిన సంగతి, ఆవిడకి మా నాయనమ్మ చెప్పింది.

పుస్తకం అట్ట బాగుంది, కాగితం బాగుంది. లోపల "జనాభా లెక్కల అసలు పత్రం, 1881" అని ఒక పేజీ. పెద్దమామ్మ పేరు, వయసు, భర్త పేరు, పిల్లల సంఖ్య, అన్నీ గళ్లలో నింపి ఉన్నాయి. దేశమంతటా ఒకేసారి లెక్కలు తీసింది 1881 ఫిబ్రవరిలో, అంతవరకు నిజం. కానీ మన దేశంలో ఆనాటి ఇంటింటి పత్రాలను దాచలేదు. మొత్తాలు వేసుకుని, నివేదికలు అచ్చువేశాక వాటి పని అయిపోయింది. ఇంగ్లండులోనో అమెరికాలోనో పాత జనాభా పత్రాల్లో ముత్తవ్వ పేరు వెతుక్కోవచ్చు, ఇక్కడ ఆ వీల్లేదు. పైగా మన 1948 జనాభా లెక్కల చట్టం ప్రకారం ఒక మనిషి వివరాలున్న పత్రం బయటివాళ్లకి చూపించకూడదు. కాబట్టి మీ ముత్తవ్వ పేరుతో ఎవరైనా జనాభా లెక్కల కాగితం చూపిస్తే అది దొంగదే. ఇంకేం చూడక్కర్లేదు.

తర్వాతి పేజీలో ఆమె "జనన ధృవీకరణ పత్రం". మద్రాసు ప్రెసిడెన్సీలో జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1899లో. అంతకు యాభై ఏళ్ల ముందు పల్లెలో రైతు ఇంట పుట్టిన ఆడపిల్లకి ఆ పత్రం ఎవరిచ్చారు?

ఇంకో కాగితం 1874 నాటిదట, పైన "గుంటూరు జిల్లా కలెక్టరు కచేరి" అని ముద్ర. అప్పుడు గుంటూరు జిల్లాయే లేదు. 1859లో గుంటూరుని కృష్ణా జిల్లాలో కలిపేశారు, మళ్లీ విడిగా జిల్లా అయ్యింది 1904లో. ఈ ఒక్క పరీక్ష చాలా దొంగ కాగితాలను పట్టిస్తుంది, గుర్తుపెట్టుకోండి. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచి విడిపోయింది, పశ్చిమ గోదావరి 1925లో వచ్చింది, ప్రకాశం 1970లో వచ్చింది. కాగితం మీది సంవత్సరం తర్వాత పుట్టిన జిల్లా అయితే అక్కడితో ఆగిపోండి.

పెళ్లి గురించి "ధాత నామ సంవత్సరం, 1868" అని రాశారు. పంచాంగం తెలిసిన ఎవరినడిగినా చెబుతారు, 1868 ఉగాదితో మొదలైంది విభవ. ధాత వచ్చింది 1876లో. పెద్ద కరువు మొదలైన ఏడాది అదే, ధాత కరువని పెద్దవాళ్లు అన్నది దాన్నే. అసలు ఉప్పెన నాటికే కాపురంలో ఉన్న మనిషికి నాలుగేళ్ల తర్వాత పెళ్లేమిటి? 1892లో బందరులో రైలెక్కి కాశీ వెళ్లొచ్చిందని ఇంకో చోట ఉంది. బందరుకి రైలు వచ్చింది 1908లో.

ఇక ఫొటో. నగలు పెట్టుకుని, జరీచీర కట్టుకుని, కుర్చీలో కూర్చున్న ముసలావిడ. ఆ కాలంలో పల్లెటూరి రైతు ఇంటి ఆడమనిషి స్టూడియోకి వెళ్లి ఫొటో దిగడమే చాలా అరుదు. ఈ ఫొటోనే, మా పుస్తకంలోని వాక్యాలనే, మా చెల్లెలి తోడికోడలి పుట్టింటివాళ్ల పుస్తకంలో కూడా చూశాం. పేరూ ఊరూ మార్చారు. "అన్నదాతకు అర్ధాంగి, ఆదర్శ మాతృమూర్తి, వంటింటి మహారాణి" అన్న పేరా రెండు పుస్తకాల్లోనూ పొల్లుపోకుండా ఒక్కటే.

నాకు అన్నిటికంటే కష్టంగా ఉన్నది ఇది. ఎనభై దాటిన మా మేనత్త ఆ పుస్తకం చూసి, "అచ్చులో ఉందిగా, నాకే మతి తప్పిందేమోనమ్మా" అంది. ఉప్పు పట్టిన చేలో మళ్లీ వరి పండించిన మనిషి కథని సొంత తల్లి నోట విన్న ఆవిడ, ఇప్పుడు చెప్పడానికి వెనకాడుతోంది. బాబాయి మనవడు బడిలో ఆ కాశీ రైలు కథే చదివి వినిపించాడు. ఇలాంటి పుస్తకం ఇంట్లోకొస్తే జరిగే నష్టం ఇదీ.

రైతు ఇంటి ఆడవాళ్ల పేర్లు సర్కారు కాగితాల్లో సులభంగా దొరకవు. భూమి మగవాళ్ల పేరున, పట్టా మగవాళ్ల పేరున. ఈ ఖాళీయే వీళ్లకి వ్యాపారం. కానీ ఖాళీ అంటే ఏమీ లేదని కాదు, ఎక్కడ వెతకాలో తెలియాలి. మాకు అసలు ఆధారం దొరికింది సబ్‌రిజిస్ట్రారు కచేరీలో. పెద్దమామ్మకి ఆమె అన్న పసుపు కుంకుమ కింద ఎకరం పైచిలుకు రాసిచ్చిన దస్తావేజుంది. ఆ అసలు కాగితాన్ని "స్కానింగ్" పేరుతో తీసుకెళ్లిన మనుషులు ఇప్పటికీ తిరిగివ్వలేదు, ఫోనెత్తరు. అది రిజిస్టరైన దస్తావేజు కాబట్టి నకలుకి దరఖాస్తు పెట్టాం. పాత పుస్తకం చిరిగినా ఆ పేజీ మిగిలింది. ఆమె పేరు, తండ్రి పేరు, అన్న పేరు, చేను హద్దులు, అన్నీ ఉన్నాయి. మాకైన ఖర్చు నకలు రుసుము మాత్రమే. మీ ఇంటి ఆడవాళ్లకి పుట్టింటివాళ్లు ఇచ్చిన భూమి ఉంటే ముందు అక్కడే చూడండి. దస్తావేజుల రిజిస్ట్రేషన్ మద్రాసు వైపు 1860ల నుంచి ఉంది.

ఇనాం భూమి (పూర్వం సేవకో దానంగానో ఇచ్చిన భూమి) ఉన్న కుటుంబాలైతే ఇనాం ఫెయిర్ రిజిస్టరు అడగండి. 1860ల ప్రాంతంలో ఇనాం కమిషన్ రాయించిన వాటిలో అనుభవదారు పేరు, వారసుల వివరం కనిపిస్తాయి. భర్త పోయిన ఆడవాళ్ల పేర్లు కొన్నిసార్లు అక్కడ తగులుతాయి. సర్వే నాటి పాత భూమి రిజిస్టర్లు, అంటే ఆంధ్రలో డైగ్లాట్, తెలంగాణలో సేత్వార్ చూస్తే కనీసం భూమి ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. ప్రెసిడెన్సీ కాలం కాగితాలు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో, నిజాం కాలంవి హైదరాబాదు తార్నాకలో ఉన్నాయి. తద్దినం పెట్టే ఇళ్లలో తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు, ఈ ముగ్గురి పేర్లు పురోహితుడి నోట ఉంటాయి, రాసుకోండి. గయలో మాతృషోడశి (తల్లికి పెట్టే పదహారు పిండాలు) పెట్టిన వాళ్లింట్లో పేర్ల చీటీ ఉందేమో అడగండి. రైతు కుటుంబాల వంశాలు పాడే వంశరాజులు చెప్పే గోత్రాల వరస వినండి.

క్రైస్తవ కుటుంబాలకి చర్చి రిజిస్టర్లు పెద్ద ఆధారం. ధాత కరువు తర్వాత, 1878 జులై 3న ఒంగోలు బాప్టిస్టు మిషను ఒక్కరోజునే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. ఏ సర్కారు కాగితంలోనూ కనిపించని కూలి ఇళ్ల ఆడవాళ్ల పేర్లు చర్చి పుస్తకాల్లో దొరికే అవకాశం ఎక్కువ. పూర్వీకులు మద్రాసు రేవు నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి కూలికి వెళ్లినవాళ్లయితే ఓడల జాబితాల్లో ఆడవాళ్లకి కూడా పేరు, తండ్రి పేరు, ఊరు విడిగా రాశారు. 1860 నుంచి 1911 వరకు అవి ఉన్నాయి.

పుస్తకంతోపాటు "డీఎన్ఏ పరీక్షతో తల్లివైపు గోత్రం తేలుస్తాం" అని ఇంకో 12,000 అడిగారు. మేం కట్టలేదు, మీరూ కట్టకండి. తల్లి నుంచి బిడ్డకి వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ ఎన్నో తరాల వెనకటి తల్లివరస గురించి కొంత చెబుతుంది. దాన్నుంచి గోత్రం రాదు, ఇంటిపేరు రాదు, ఊరి పేరు అసలే రాదు.

అయినా ఎవరికైనా పని అప్పగించక తప్పదనుకుంటే, ప్రతి కాగితానికీ ఏ కచేరి, ఏ రిజిస్టరు, ఏ సంవత్సరం, ఏ పేజీ అన్నది రాతపూర్వకంగా అడగండి. ఆ నంబరుతో మీరే నకలుకి దరఖాస్తు పెట్టుకోగలగాలి. చెప్పడానికి నసిగితే పైసా ఇవ్వకండి. అసలు దస్తావేజులు, పాత ఫొటోలు గడప దాటించకండి, మీ ఫోనుతోనే ఫొటో తీసి పంపండి. ఆధార్ నంబరు, తల్లి పుట్టింటి పేరు, పిల్లల పుట్టినరోజులు ఫారంలో నింపమంటారు. బ్యాంకులు మనల్ని గుర్తుపట్టడానికి అడిగేవి కూడా ఇవేనని మరిచిపోవద్దు.

ఇప్పటికే మోసపోయిన వాళ్లు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి. ఆన్‌లైన్‌లో డబ్బు లాగి మాయమైతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయండి. మీరుండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, కట్టిన సొమ్ము అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. ప్రకటన, రసీదు, వాట్సాప్ మాటలు, పుస్తకం, ఏదీ పారేయకండి. ఒకే రకం నష్టం జరిగినవాళ్లు కమిషన్ అనుమతితో కలిసి వేసే వీలుంది. మేం వేస్తున్నాం. జరీచీర కట్టుకుని కుర్చీలో కూర్చున్న ఆ ముసలావిడ ఫొటో మీ పుస్తకంలో కూడా ఉంటే, మీ కాగితాలు తీసుకుని మాతో రండి.