పచ్చ అట్ట గైడు: అలంకారాలు సరే, యతి దగ్గర జాగ్రత్త

డీఎస్సీ తెలుగు పోస్టుకు చదువుతూ తిరుపతి బైరాగిపట్టెడలో ముగ్గురం ఒకే రూములో ఉంటున్నాం. కవిత్వం, నాటకం పారిభాషిక పదాలన్నీ ఒకేచోట ఉన్నాయంటే బస్టాండు వైపు కొట్లో ఈ గైడు కొన్నాను. అట్ట మీద 220, బేరమాడితే 180కి ఇచ్చాడు. ఎవరు వేశారో రాయను.

అలంకారాలు బాగున్నాయి. ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష మూడింటికీ అదే ముఖం, అదే చంద్రుడు. మొదట విసుగొచ్చింది గానీ, ఉదాహరణ మారకపోబట్టే తేడా పట్టుబడింది. నేను పక్కన మా కిటికీలో కనబడే కొండతో రాసుకున్నాను. 'మబ్బు పట్టిన శేషాచలం ఏనుగుల మందలా ఉంది' అంటే ఉపమ. 'ఏనుగుల మందేమో అన్నట్టుంది' అంటే ఉత్ప్రేక్ష.

ఛందస్సు దగ్గరే కొంప మునిగింది. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ అని గణాలు సరిగ్గానే వేసి, యతి (పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు) 11వ అక్షరం అన్నారు. అది చంపకమాలది. ఉత్పలమాలకు 10. అచ్చుతప్పేమో అనుకుందామంటే వెనక బిట్ల కీలోనూ 11కే టిక్కు! నమ్మి మాక్ టెస్టులో మార్కు పోగొట్టుకున్నాను. ఉత్పలమాల పాదంలో మొదటి గురువు తీసి రెండు లఘువులు పెడితే చంపకమాల అవుతుంది. 20 అక్షరాలు 21 అయ్యాయి గనక యతీ ఒకటి జరిగింది. ఈ ముక్క రాసుంటే అసలు బట్టీ పట్టే పనే లేదు.

నాటకం భాగంలో స్వగతం, జనాంతికం తేడా చక్కగా చెప్పారు: మొదటిది తనలో తాను అనుకునేది, రెండోది మిగతా పాత్రలకు వినబడనట్టు ఇద్దరు మాట్లాడుకునేది. దరువును మాత్రం 'ఒక రకమైన పాట' అని వదిలేశారు. మాది పూతలపట్టు వైపు. ద్రౌపదమ్మ గుడికాడ భారతం జరిగితే పగలు హరికథ, రాత్రి నాటకం. ఇద్దరు తెర పట్టుకుంటే దాని వెనక గజ్జెలు మోగిస్తూ దుర్యోధనుడు తానెవరో పాడుకుంటాడు. అదీ ప్రవేశ దరువు. తెర తీయకముందే మా అవ్వ "వచ్చినాడు సూడు, మాయదారోడు" అనేది.

నాటకీయ వ్యంగ్యానికి నిర్వచనం ఉంది, ఉదాహరణ లేదు. పాత్రకు తెలియంది చూసేవాళ్లకు తెలిసుండడమట. మయసభలో దుర్యోధనుడు నేలనుకొని నీళ్లలో అడుగేయబోతుంటే ముందు కూర్చున్న పిల్లకాయలమంతా "నీళ్లు, నీళ్లు!" అని అరిచేవాళ్లం. ఆయనకు వినబడితే గదా.

180 ఎక్కువే, 100కైతే కొనొచ్చు. మార్చివ్వమని కొట్టుకు పోతే "ఎర్ర పెన్నుతో దిద్దుకోమ్మా" అన్నాడు. దిద్దుకున్నాను. ఇప్పుడు రూములో మిగతా ఇద్దరూ కొత్తది కొనకుండా నా కాపీకే వంతులేసుకుంటున్నారు.